మోడల్ కిట్ మీద రంగు చెడితే: రుద్దాలా, మళ్లీ కొట్టాలా, కడిగేయాలా?

మీరు కట్టిన ప్లాస్టిక్ విమానమో కారో మోడల్ మీద వార్నిష్ (రంగు మీద వేసే పైపూత) కారింది. లేదా మ్యాట్ (మెరుపు లేని వార్నిష్) కొట్టిన పది నిమిషాలకు విమానం రెక్కలు విబూది పూసినట్టు తెల్లబడ్డాయి. లేదా మాస్కింగ్ టేపు లాగితే కింది రంగు కూడా దానితోపాటే ఊడొచ్చింది. మూడింటికీ మందు ఉంది. కాకపోతే ఒకదాని మందు ఇంకొకదానికి పనికిరాదు. కారిన చారను తడి మీద తుడిస్తే పెద్ద మరకవుతుంది. తెల్లబడిన మ్యాట్‌ను వాటర్ పేపర్‌తో రుద్దితే కింది రంగు పోతుంది. ఊడిన చోట నేరుగా కుంచెతో రంగు పూస్తే ఆ మచ్చ గదికి అవతలి నుంచి కూడా కనిపిస్తుంది.

చేతిలో ఉన్న దారులు ఐదే: వదిలేయడం, రుద్ది పాలిష్ పెట్టడం, చెడిన ముక్కవరకే మళ్లీ రంగు కొట్టడం, పైన ఇంకో కోటు వేయడం, మొత్తం కడిగేసి ప్లాస్టిక్ దగ్గరికి రావడం. ఏది ఎంచుకోవాలో రెండు సంగతులు తేలుస్తాయి. చెడింది ఏ పొర? ఆ పొర ఏ జాతి రంగు: గబగబా ఆరే ఘాటైన లాకరా, నెమ్మదిగా ఆరే నూనె జాతి ఎనామెలా, నీటికో ఆల్కహాల్‌కో లొంగే యాక్రిలిక్కా?

ముందు చెయ్యి వెనక్కి తీసుకోండి

మోడళ్లు పాడయ్యేది పొరపాటు వల్ల తక్కువ, పొరపాటు జరిగిన మొదటి పది నిమిషాల్లో చేసే దిద్దుబాటు వల్ల ఎక్కువ. తడిగా ఉండగా చేయదగ్గవి రెండే. కారుతున్న చుక్క అంచున పేరుకుంటే టిష్యూ కొసనో పొడి కుంచె కొసనో దానికి ఆనించి పీల్చనివ్వండి, తుడవొద్దు. వెంట్రుక పడి దాని కొస పైకి లేచి ఉంటే సన్నని పట్టకారుతో ఒక్కసారే పైకి లాగండి. ఒక్కసారికి రాకపోతే వదిలేయండి, ఆరాక వాటర్ పేపర్‌తో రెండు నిమిషాల్లో పోతుంది.

ఎంత ఆరాలి? లాకర్‌కు రెండు రోజులు, నీటి యాక్రిలిక్‌కు మూడు రోజులు, ఎనామెల్‌కు కనీసం వారం. కారిన చార ఉన్నచోట ఇంకొంచెం ఎక్కువే ఆగాలి. అక్కడ పొర మందంగా ఉంటుంది కాబట్టి పైన తోలు కట్టినా లోపల మెత్తగానే ఉంటుంది. తొందరపడి రుద్దితే ఆ తోలు చిరిగి గుంట పడుతుంది. నమ్మకమైన పరీక్ష మన ముక్కుదే: మోడల్‌ను దగ్గరగా పెట్టుకుని వాసన చూడండి. థిన్నర్ వాసన తగులుతున్నంతకాలం లోపల ఆరలేదనే అర్థం.

రంగు ఏ జాతిదో తెలుసుకోవడం

సొంతంగా వేసిన రంగైతే సీసా చూస్తే చాలు. టామియా ఎక్స్, ఎక్స్‌ఎఫ్ సీసాలూ మిస్టర్ హాబీ ఆక్వియస్ సీసాలూ ఆల్కహాల్‌కు లొంగే యాక్రిలిక్‌లు. వయెహో మోడల్ కలర్ నీటి యాక్రిలిక్. హంబ్రోల్ చిన్న డబ్బాలు ఎనామెల్. మిస్టర్ కలర్, టామియా ఎల్‌పీ సీసాలు, టామియా టీఎస్ స్ప్రే డబ్బాలు లాకర్ కిందికి వస్తాయి.

ఎవరో కట్టిన మోడల్ మీ చేతికొస్తే, లేదా ఏం కొట్టారో గుర్తులేకపోతే, చక్రాల గుంటలాంటి మరుగు చోట ఇయర్ బడ్‌తో పరీక్షించండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బడ్‌కు రంగు వెంటనే అంటితే ఆల్కహాల్ యాక్రిలిక్. కాసేపు రుద్దాక రబ్బరు పొట్టులా ముద్దగా లేస్తే నీటి యాక్రిలిక్. ఏమీ కాకపోతే పెయింట్ కొట్లో దొరికే మినరల్ టర్పెంటైన్ ప్రయత్నించండి. అంటితే ఎనామెల్. దానికీ కదలకపోతే లాకరో, ఏళ్లనాటి ముదిరిన ఎనామెలో.

ఇదంతా ఎందుకంటే, పైకోటు కింది కోటును తినకూడదు. ఎనామెల్ మీద లాకర్ క్లియర్ (రంగులేని పారదర్శక వార్నిష్) దట్టంగా కొడితే ఎనామెల్ ఉబ్బి, పాల మీద మీగడలా ముడతలు పడుతుంది. ఎనామెల్ రంగు మీద నేరుగా ఎనామెల్ వాష్ (గీతలు ఎత్తి చూపడానికి పూసే బాగా పలచటి రంగు) పూసి టర్పెంటైన్‌తో తుడిస్తే అసలు రంగే గుడ్డకు వస్తుంది. లాకర్ మీద యాక్రిలిక్, యాక్రిలిక్ మీద ఎనామెల్ వాష్ వేస్తే గొడవ ఉండదు. దిద్దుబాటుకు వాడే రంగుకూ ఇదే వరస.

తెల్లబడిన మ్యాట్: మూడు కారణాలు, మూడు వేర్వేరు దారులు

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

మొదటి కారణం గాలిలో తేమ. లాకర్ థిన్నర్ గబగబా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ సన్నగా దాని మీద కూర్చుని పొరలో చిక్కుకుంటుంది. తేమ 65 శాతం దాటిందంటే ముప్పు మొదలైనట్టే. విశాఖలోనో కాకినాడలోనో జూలైలో స్ప్రే డబ్బా పట్టుకుంటే ఇది తప్పించుకోవడం కష్టం. రెండో కారణం మ్యాట్ పొడి. వార్నిష్‌ను మ్యాట్‌గా చేసేది అందులోని సన్నని సిలికాలాంటి పొడి. అది సీసా అడుగున పేరుకుంటుంది. సరిగా కలపకపోతే మొదట కొట్టింది మెరుస్తుంది, చివర కొట్టింది సున్నం అవుతుంది. టామియా ఎక్స్-21 ఫ్లాట్ బేస్‌ను వార్నిష్ అనుకుని విడిగా కొట్టేవాళ్లకు జరిగేదీ ఇదే. అది వార్నిష్ కాదు, వేరే రంగులోనో క్లియర్‌లోనో కొద్దిగా కలపాల్సిన, మ్యాట్ పొడి ఉన్న ద్రవం. మూడోది దూరం నుంచి పొడిపొడిగా కొట్టడం. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో డబ్బాను అడుగున్నర దూరంలో పెట్టి కొడితే తుంపర గాలిలోనే ఆరిపోయి, ఇసుక చల్లినట్టు మోడల్ మీద పడుతుంది.

ఏదో తేల్చడానికి తెల్లబడిన చోట వేలితో నీటిచుక్క పెట్టండి. తడిసినంతసేపూ తెలుపు మాయమై అసలు రంగు కనిపిస్తే తప్పు పైపొర గరుకుదనానిదే, రంగు క్షేమం. గ్లాస్ క్లియర్ (gloss, అంటే మెరిసే పారదర్శక వార్నిష్) ఒక పలచని కోటు, అరగంటాగి ఒక తడి కోటు వేయండి. గ్లాస్ ఆ గరుకు సందుల్లోకి దిగగానే తెలుపు పోతుంది. మర్నాడు కొత్తగా కలిపిన మ్యాట్‌ను పలచగా కొట్టుకోవచ్చు. చాలా సందర్భాల్లో ఇంతకుమించి అక్కర్లేదు, కడిగేయాలన్న ఆలోచనే రానివ్వొద్దు.

తేమ వల్ల లాకర్ తెల్లబడితే ఇంకో దారి ఉంది. పొడి రోజు చూసి, నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్‌ను ఒక్కదాన్నే ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పరికరం) మంచులా కొట్టండి. పొర మళ్లీ కరిగి, చిక్కిన తేమ బయటికి పోతుంది. గ్లాస్ కోటు కంటే ఇది మేలు, ఎందుకంటే మందం పెరగదు. కానీ చేయి కాస్త బరువైనా డీకాల్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తుల స్టిక్కరు) కరుగుతుంది. డీకాల్స్ ఉన్న మోడల్ మీద గ్లాస్ దారే పట్టండి.

నీటిచుక్క కింద కూడా తెలుపు అలాగే ఉంటే పొడి గడ్డకట్టి పొరలో కూర్చుందన్నమాట. అప్పుడు పైన ఏం కొట్టినా లాభం లేదు. ఆ ప్యానెల్ (మోడల్ మీది గీతల మధ్య పలక) వరకు రుద్ది మళ్లీ రంగు వేయాల్సిందే. బొమ్మలకు రంగులు వేసేవాళ్లు తెల్లబడ్డ మ్యాట్ మీద ఆలివ్ నూనె రాస్తుంటారు. తెలుపు పోయేమాట నిజమే. కానీ నూనె మీద ఆ తర్వాత ఏ వార్నిష్ అయినా సరిగా అంటదు. విమానాలకూ కార్లకూ ఆ చిట్కా వద్దు.

కొట్టే వేళ కూడా ఊరినిబట్టి మారుతుంది. హైదరాబాద్ వేసవిలో పొద్దున్నే కొట్టడం మేలు. తీరప్రాంతంలో తెల్లవారుజామున తేమ ఎక్కువ, మధ్యాహ్నం తగ్గుతుంది, కాబట్టి అక్కడ రెండుమూడు గంటల వేళ నయం. గదిలో ఏసీని అరగంట డ్రై మోడ్‌లో నడిపి, ఆపేసి, అప్పుడు కొట్టినా ఫలితం ఉంటుంది. కొట్టగానే కిటికీలు తెరవాలి. కొన్ని వందల రూపాయల తేమ మీటరు ఒకటి బల్ల మీద ఉంటే సగం సమస్యలు పుట్టవు.

కారిన చార, నారింజ తొక్క: రుద్దడమా, పైన కొట్టడమా?

కారు మోడళ్లకు ఇదే పెద్ద పీడ. నారింజ తొక్కలా చిన్న గుంటలు పడ్డ క్లియర్ మీద ఇంకో తడి కోటు కొడితే చదునవుతుందని చాలామంది ఆశ. గుంటలు బాగా లోతు తక్కువైతే, క్లియర్‌లో లెవెలింగ్ థిన్నర్ సమానంగా కలిపి కొడితే కొంత సర్దుకుంటుంది. లోతుగా ఉంటే కొత్త కోటు కూడా ఆ గుంటల ఆకారాన్నే పట్టుకుంటుంది. అక్కడ రుద్దడమే దారి.

వరస ఇది. ఆటోమొబైల్ రంగుల కొట్లో దొరికే 2000 నంబరు వాటర్ పేపర్‌ను పావుగంట నీళ్లలో నానబెట్టి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, చిన్న రబ్బరు ముక్కకు చుట్టి ఒకే దిక్కుకు రుద్దాలి. వేలితో రుద్దితే వేలు అడుగున్నచోట గుంట పడుతుంది. మెరిసే చుక్కలు గుంటలకు గుర్తు. అవి పూర్తిగా మాయమై అంతా ఒకేలా మసకబారాక ఆపి, 3000తో ఒకసారి, ఆ తర్వాత టామియా కోర్స్, ఫైన్, ఫినిష్ కాంపౌండ్‌లు (పాలిష్ పేస్టులు) వరసగా వాడాలి. కారిన చారకైతే 1500తో మొదలుపెట్టి ఆ గట్టువరకే రుద్ది, చదునయ్యాక 2000కు మారాలి.

ఈ పనికి అడుగున మూడు నాలుగు క్లియర్ కోట్లు ఉండాలి. రెండే ఉంటే రుద్దకుండా ముందు ఇంకో రెండు కొట్టుకోండి. బానెట్ అంచులు, తలుపు గీతల పక్కన క్లియర్ ఎప్పుడూ పలచనే. అక్కడ సన్నని టేపు అంటించి రుద్దితే రంగు బయటపడదు. ఇంకొకటి, మెటాలిక్ రంగునే నేరుగా రుద్దొద్దు. అందులోని అల్యూమినియం రేకులు తెగి ఆ చోటు నల్లటి మచ్చలా కనిపిస్తుంది, పాలిష్‌తో అది తిరిగి రాదు. మెటాలిక్ పొరలోనే చార పడితే, ఆరాక దాన్ని చదును చేసి, ఆ బాడీ భాగం మొత్తానికి మెటాలిక్ మళ్లీ కొట్టాలి. సగం తలుపుకు కొడితే రేకుల వాలు తేడా వచ్చి తెలిసిపోతుంది.

టేపుతో ఊడిన రంగు

ప్రైమర్ (రంగు పట్టుకునేందుకు ముందు వేసే కోటు) లేకుండా నీటి యాక్రిలిక్ కొట్టినప్పుడు, లేదా అచ్చు నుంచి ప్లాస్టిక్‌కు అంటిన జిడ్డును సబ్బుతో కడగనప్పుడు రంగు పెచ్చులూడుతుంది. ఊడినచోట చుట్టూ వేలితో టేపు నొక్కి లాగి చూడండి. ఇంకా వస్తూనే ఉంటే అతుకు వేయడం దండగ, కడిగేయడమే నయం. అక్కడితో ఆగితే అంచును 1500తో రుద్దండి, వేలుపెట్టి తడిమితే మెట్టు తగలకూడదు. లోతు మిగిలితే మిస్టర్ సర్ఫేసర్ 1000 (గుంటలు పూడ్చే చిక్కటి ప్రైమర్) కుంచెతో రెండుసార్లు పూసి, ఆరాక చదును చేయండి.

ఇక రంగు. కుంచెతో పూసే టచప్ చాలా చిన్న చుక్కలకే పనికొస్తుంది. ఒకే సీసాలోంచి తీసినా కుంచె పూతకూ ఎయిర్‌బ్రష్ పూతకూ ఛాయ తేడా ఉంటుంది. అంతకంటే పెద్దదైతే మచ్చ చుట్టూ గుండ్రంగా కొట్టకండి. మచ్చ ఉన్న ప్యానెల్‌ను నాలుగు గీతల వరకూ టేపుతో కట్టి, ఆ ప్యానెల్ మొత్తానికీ కొట్టండి. ఛాయ కాస్త తేడా వచ్చినా చూసేవాడు దాన్ని వేరే ప్యానెల్‌గానే చూస్తాడు. అసలు విమానాల మీద కూడా మార్చిన ప్యానెళ్లు రంగు తేడాగానే ఉంటాయి కాబట్టి 1/72 (అసలులో 72వ వంతు) మిగ్-21 యుద్ధవిమానం మీద ఇది తప్పుగా కాక నిజంలా కనిపిస్తుంది. ఈసారి టేపును ముందు అరచేతికి రెండుసార్లు అంటించి జిగురు తగ్గించండి. తీసేటప్పుడు పైకి లాగకుండా దాని మీదికే మడిచి నెమ్మదిగా వెనక్కి లాగాలి.

డీకాల్ కింద వెండి మెరుపు

మ్యాట్ రంగు మీద డీకాల్ వేస్తే గరుకు సందుల్లో గాలి చిక్కి, పొర వెండిలా మెరుస్తుంది. వార్నిష్ ఇంకా కొట్టకపోతే తేలికే: సూదితో నాలుగైదు చోట్ల పొడిచి, డీకాల్‌ను మెత్తబరిచే మైక్రో సోల్ లేదా మిస్టర్ మార్క్ సాఫ్టర్ పూసి, ముడతలు వాటంతటవే సర్దుకునేదాకా ముట్టకుండా ఉండాలి. అవసరమైతే రెండు మూడుసార్లు. వార్నిష్ కొట్టాక ఆ మందు లోపలికి దిగదు. కొత్త బ్లేడుతో మెరుపున్నచోటే సన్నని గాట్లు పెట్టి, బాగా పలచన చేసిన గ్లాస్ క్లియర్‌ను ఆ గాట్ల దగ్గర కుంచెతో తాకించండి, లోపలికి పీల్చుకుంటుంది. దానికీ పోకపోతే ఆ డీకాల్‌ను రుద్దేసి, గ్లాస్ కొట్టి కొత్తది వేయాలి. అదనపు డీకాల్ షీటు లేకపోతే కాస్త మెరుపును భరించడమే తెలివి.

జిగట వదలని ఎనామెల్, బీటలు, పచ్చబడిన తెలుపు

పదిహేను రోజులైనా వేలికంటే ఎనామెల్‌కు చాలాసార్లు కారణం డబ్బాను అడుగుదాకా కలపకపోవడం, లేదా చాలా మందంగా పూయడం. ఒక పెట్టెలో చిన్న బల్బు పెట్టి లోపల 40 నుంచి 45 డిగ్రీలు ఉండేలా చూసి మూడు నాలుగు రోజులు ఉంచండి. అంతకు మించొద్దు. డాబా మీద ఎండలోనో ఆపి ఉంచిన కారులోనో పెట్టడానికి ఇవి అప్పడాలు కావు, సన్నని రెక్కలూ తుపాకీ గొట్టాలూ వంగిపోతాయి. పెట్టె వైద్యం పనిచేయకపోతే ఇంక ఎదురుచూడకండి. జిగట మీద వార్నిష్ కొట్టి దాచేయడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక, ఎందుకంటే గట్టి పైపొర మెత్తటి కింది పొర మీద తర్వాత బీటలిస్తుంది. ఇక్కడ కడిగేయడమే మొదటి ఎంపిక.

బీటలిచ్చిన పొరనూ పైకోటు నయం చేయదు. రుద్దాలి, లేదా కడగాలి. తెల్లరంగు మీద ఎనామెల్ వార్నిష్ పచ్చబడితే వెనక్కి రాదు. తెలుపుకు మొదటినుంచీ యాక్రిలిక్ వార్నిషే వాడాలి.

కడిగేయడమే అయితే దేనితో?

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు మొదటి ఓటు. ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే కొట్లలో సర్క్యూట్ బోర్డులు తుడిచేందుకు అమ్ముతారు. టామియా యాక్రిలిక్ నిమిషాల్లో లేస్తుంది, నీటి యాక్రిలిక్‌కు ఒక రాత్రి పడుతుంది, కిట్ల ప్లాస్టిక్ అయిన పాలీస్టైరిన్‌కు హాని చేయదు. ఎనామెల్ మీద దీని బలం చాలదు. 70 శాతం శానిటైజర్ కూడా పనిచేస్తుంది గానీ చాలా నెమ్మది. మంటకు దూరంగా ఉంచాలని చెప్పనక్కర్లేదు.

డెట్టాల్ యాంటీసెప్టిక్ లిక్విడ్ ప్రతి మందుల షాపులో దొరుకుతుంది, యాక్రిలిక్‌తోపాటు చాలా ఎనామెళ్లనూ మెత్తబరుస్తుంది. నీళ్లు కలపకుండా ముంచి 12 నుంచి 24 గంటలు ఉంచాలి. దీంతో అందరూ చేసే తప్పు ఒకటే: తీయగానే కుళాయి కింద పెట్టడం. నీరు తగిలితే కరిగిన రంగు తెల్లటి జిగురుముద్దై ప్రతి గీతలోనూ పట్టుకుంటుంది. రంగంతా పోయేదాకా బ్రష్‌ను కూడా డెట్టాల్‌లోనే ముంచి తోమండి, ఆఖరున మాత్రమే సబ్బునీళ్లు. ఇంట్లో పిల్లి ఉంటే దాని దరిదాపుల్లో ఈ పని పెట్టుకోవద్దు, దానికిది విషం.

బ్రేక్ ఫ్లూయిడ్ ముదిరిన ఎనామెల్‌నూ లాకర్‌నూ తీస్తుంది. డాట్ 3 లేదా 4 కావాలి, డాట్ 5 సిలికాన్‌ది కాబట్టి పనికిరాదు. కొన్ని ప్లాస్టిక్‌లు దీనివల్ల పెళుసెక్కుతాయి. ముందు స్ప్రూ (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) ముక్కను ఒక రోజు ముంచి వంచి చూడండి. చర్మానికి మంచిది కాదు, పారబోయడమూ తలనొప్పే. వేరే దారి లేనప్పుడే దీని జోలికి వెళ్లండి.

కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు ఎనామెల్‌ను బాగా తీస్తాయి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె వాడకూడదు, మోడల్‌కు అమర్చిన అల్యూమినియం తుపాకీ గొట్టాలను ముందే తీసేయాలి, కాస్టిక్ వాటిని తినేస్తుంది. కారు కిట్ల క్రోమ్ తీయడానికైతే మామూలు బ్లీచ్ చాలు, వెండిపూత గంటలోపు మాయమవుతుంది. బ్లీచ్‌లో యాసిడ్‌గానీ ఆల్కహాల్‌గానీ కలవనివ్వొద్దు, విషవాయువులు వస్తాయి.

ఎసిటోన్, ఎన్‌సీ థిన్నర్ రెండూ రంగుతోపాటు ప్లాస్టిక్‌నూ కరిగిస్తాయి. కిట్ ముంచడానికి అవి పనికిరావు.

ఏది వాడినా గాజులా ఉండే పారదర్శక ప్లాస్టిక్ భాగాలు, డీకాల్స్, ఫొటో ఎచ్ ముక్కలు (పలచటి లోహపు భాగాలు) పోతాయని లెక్కేసుకోండి. సూపర్ గ్లూ అతుకులూ వదలొచ్చు. కింద లాకర్ ప్రైమర్ గట్టిగా ఉంటే దాన్ని తీయాలని పంతం పట్టొద్దు, రంగు పోతే చాలు. గీతల్లో మిగిలిన రంగుకు లోహపు సూది కాకుండా చెక్క టూత్‌పిక్ వాడండి.

మోడల్‌ను బట్టి

ట్యాంకుల మీద చాలా తప్పులకు బురదే మందు. చక్రాల దగ్గర, అడుగుభాగంలో ఊడిన రంగును తుప్పుగానో గీతగానో మార్చేయొచ్చు. టరెట్ పైభాగాన కారిన చారకు మాత్రం బురద పూయొద్దు, అక్కడికి బురద ఎలా వచ్చిందన్న ప్రశ్న వస్తుంది. గండమ్ (జపాన్ రోబో బొమ్మలు) కిట్లలో కొన్ని కీళ్లు ఏబీఎస్ ప్లాస్టిక్‌వి. వాటి మీద ఎనామెల్ వాష్ పారితే రంగు కాదు, భాగమే పగులుతుంది. దానికి దిద్దుబాటు లేదు, కొత్త భాగమే కావాలి. విమానాల కాక్‌పిట్ గాజు మీద వార్నిష్ పడితే, అది యాక్రిలిక్ అయితే ఆల్కహాల్ కొద్దిగా తడిపిన బడ్‌తో చటుక్కున తుడిచి, టామియా ఫినిష్‌తో పాలిష్ పెట్టండి. లాకర్ పడితే థిన్నర్ తగిలించకుండా రుద్దడమే దారి. సూపర్ గ్లూ ఆవిరికి లోపలివైపు మబ్బుపట్టిన గాజును ఊడదీయగలిగితే గ్లాస్ క్లియర్‌లో ముంచి, అంచును టిష్యూకు ఆనించి నిలబెట్టి, పైన గిన్నె బోర్లించి ఒక రోజు ఆరనివ్వండి.

కడిగిన మోడల్‌ను సబ్బునీళ్లతో తోమాక ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, అతుకులన్నీ వేలితో నొక్కి చూసి, అప్పుడే ప్రైమర్ కొట్టాలి. వాడిన ఆల్కహాల్‌ను సింకులో పోయకండి. మూతపెట్టి రెండు రోజులుంచితే రంగు అడుగుకు దిగుతుంది, పైది పాత కాటన్ గుడ్డలో వడకట్టుకుంటే ఇంకో మోడల్‌కు పనికొస్తుంది.